దయచేసి వేలు మార్చండి

మునగలదిన్నెలో చర్మం ఉన్నవాళ్లు మూడువేల నాలుగువందల పన్నెండు మంది. ఈ లెక్క తీసింది నేనే. జిల్లా చర్మ సంక్షేమ విభాగం నుంచి వచ్చిన ఫారంలో మొదటి గడి 'చర్మం కలిగిన జనాభా'. అందుకని ఇంటింటికీ తిరిగి, అడిగి మరీ రాసుకున్నాను. లేదన్నవాళ్లు ఎవరూ తగల్లేదు. రెండో గడి 'అందులో చేతి ఎగ్జిమా కలవారు'. వాళ్లు నలభై ముగ్గురు. ఆ నలభై ముగ్గురిలో ఒకరు మా అమ్మ.

నా పేరు మస్తాన్‌రావు. మా ఊరి సేవా కేంద్రంలో సహాయకుణ్ణి. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి. పదో తరగతి దాకా చదివిన మొదటివాణ్ణి కూడా నేనే. కాబట్టి పైనుంచి ఏ కాగితం వచ్చినా రెండుసార్లు చదువుతాను. మొదటిసారి అర్థం చేసుకోవడానికి, రెండోసారి నాకు అర్థమైంది నిజంగా అందులో ఉందా అని చూసుకోవడానికి.

ఆ పథకం పేరు 'చర్మ సౌఖ్య - ఇంటి వద్దే ఉపశమనం'. మూడు అట్టపెట్టెల నిండా తెల్ల జెల్లీ డబ్బాలు, ఒక వేలిముద్రల యంత్రం, పన్నెండు పేజీల పుస్తకం వచ్చాయి. పుస్తకంలో పదకొండు పేజీలు నిబంధనలు. పన్నెండో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, జబ్బుకు ఏం చేయాలో ఉంది. వేడినీళ్లు వద్దు, గోరువెచ్చని నీళ్లు చాలు. ఘాటు సబ్బు వద్దు. చేతులు రుద్ది తుడవొద్దు, మెత్తని గుడ్డతో అద్దాలి. ఆ తడి పూర్తిగా ఆరకముందే జెల్లీ దట్టంగా పూయాలి. ఎగ్జిమా కలవారు నీటిపని చేసేటప్పుడు గ్లౌజులు తొడుక్కోవాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి. అంతే. అది చదవడానికి అర నిమిషం పట్టింది. మిగతా పదకొండు పేజీలు చదవడానికి రెండు రోజులు పట్టింది.

ఆ పదకొండు పేజీల సారం ఒక్కటే. చేతి ఎగ్జిమా ఉన్న మనిషి స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలి. ముద్ర కలిస్తే డబ్బా ఇవ్వాలి. కలవకపోతే ఇవ్వకూడదు.

మా అమ్మ అంకమ్మ పద్నాలుగేళ్లుగా మా ఊరి బళ్లో మధ్యాహ్న భోజనం వండుతోంది. నూట ఎనభై ఆరు మంది పిల్లలకు పప్పుచారు. రోజూ రెండు కిలోల చింతపండు పిసకడం, ఆ తర్వాత గుండిగలు తోమడం. ఆమె చేతులు ఉల్లిపాయల్లాగే ఉంటాయి, పొర మీద పొర లేచిపోతూ. చలికాలం వస్తే పగుళ్లలోంచి నెత్తురు, వానాకాలం వస్తే రసి. దురద పుట్టినప్పుడు చేతుల్ని గోడకేసి రుద్దుకుంటుంది. నా డిగ్రీ ఫీజులన్నీ ఆ చేతుల మీదుగానే వెళ్లాయి.

పంపిణీ మొదలైన రోజు నలభై ముగ్గురూ వరసలో నిలబడ్డారు. అందరికంటే ముందు మా అమ్మ. కొడుకు కూర్చున్న కుర్చీ ముందు నిలబడటం ఆమెకు అదే మొదటిసారి కాబట్టి కొత్త చీర కట్టుకొచ్చింది. బొటనవేలు యంత్రం మీద పెట్టింది. లోపలి నుంచి ఒక ఆడగొంతు చాలా మర్యాదగా పలికింది.

"మీ వేలు గుర్తించబడలేదు. దయచేసి వేలు మార్చండి."

మా అమ్మ చూపుడువేలు పెట్టింది. తర్వాత నడిమి వేలు. అలా పదివేళ్లూ అయ్యాయి. పదిసార్లూ ఆ గొంతు అదే మర్యాదతో అదే మాట చెప్పింది.

"ఇంకేం మార్చమంటదిరా," అంది అమ్మ. "కాలివేళ్లు పెట్టమంటదా?"

"కాలివేళ్ల గురించి నిబంధన లేదమ్మా."

"చేతులు పాడైనాయని మందు ఇస్తన్నారా, చేతులు బాగున్నాయని ఇస్తన్నారా?"

ఆ ప్రశ్నకు జవాబు పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. నేను తల వంచుకుని "తర్వాతి వారు" అన్నాను. తర్వాతి వారూ, ఆ తర్వాతి వారూ, చాకిరేవు నాగేంద్రమ్మ దగ్గర్నుంచి సున్నం బట్టీ సుబ్బులు దాకా, ఎవరి ముద్రా పడలేదు. అరిగిపోయిన వేళ్లు, పొట్టు లేచిన వేళ్లు. ముద్ర ఉండాల్సిన చోట జబ్బు ఉంది.

యంత్రమే పాడైందేమోనని అనుమానం వచ్చింది. అటుగా పోతున్న పెదకోటయ్యను పిలిచాను. ఆయన ప్రెసిడెంటుగారి బావమరిది. పని అంటూ ఏదీ ముట్టుకోని మనిషి కాబట్టి వేళ్లు తామర రేకుల్లా ఉంటాయి. ఆయన బొటనవేలు పెట్టాడు.

"అభినందనలు. మీరు చేతి ఎగ్జిమా లబ్ధిదారుగా గుర్తించబడ్డారు. మీ డబ్బా స్వీకరించండి."

"నాకేం లేదు కదబ్బాయ్," అన్నాడు పెదకోటయ్య, చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ.

ఏడో పేజీ ప్రకారం ఒకసారి గుర్తించబడిన లబ్ధిదారును రద్దు చేసే అధికారం సేవా కేంద్రానికి లేదు. డబ్బా ఇచ్చి సంతకం తీసుకున్నాను. ఈ సంగతి ఊళ్లో పాకింది. సాయంత్రానికి ఎగ్జిమా లేనివాళ్లు ఇరవై ఒక్కమంది డబ్బాలు పట్టుకెళ్లారు. ఎగ్జిమా ఉన్నవాళ్లు నలభై ముగ్గురూ గోక్కుంటూ ఇళ్లకు పోయారు. ఆ నెల మా ఊళ్లో ఒక్క గేటూ కిర్రుమనలేదు.

ఇది అక్కడితో ఆగితే నేనీ కథ రాసేవాణ్ణి కాదు. మర్నాడు హెడ్మాస్టరు పరాంకుశంగారు మా ఇంటికొచ్చారు. ఆయన చేతిలో ఇంకో కాగితం ఉంది. బడి వంటశాలల్లో చేతులకు పుండ్లు, పగుళ్లు ఉన్న వంటవాళ్లు వచ్చే నెల ముప్ఫయ్యో తారీకులోగా 'చర్మ స్వస్థత పత్రం' దాఖలు చేయాలి. లేకపోతే ఆ స్థానంలో వేరొకరిని పెట్టాలి. ఆ పత్రం ఇవ్వాల్సింది చర్మ సౌఖ్య యంత్రం. ముద్ర కలిస్తేనే ఇస్తుంది.

"నాదేం లేదు అంకమ్మా," అన్నారు మాస్టారు. "నీ పప్పుచారు లేకపోతే మధ్యాహ్నం నుంచి బళ్లో నేనొక్కణ్ణే ఉండాల్సొచ్చిద్ది. కానీ కాగితం అడుగుతున్నారు."

"పద్నాలుగేళ్లయింది మాస్టారూ. ఏ పిల్లోడికన్నా ఏమన్నా అయిందా?"

"కాలేదు. కానీ కాలేదని రాసిన కాగితం మన దగ్గర లేదుగా."

ఆయన వెళ్లాక అమ్మ చేతులు చూసుకుంటూ కూర్చుంది. వంట మానేస్తే బతకలేమని కాదు. నాకు ఉద్యోగం ఉంది. కానీ ఆ బడి గంట కొట్టగానే నూట ఎనభై ఆరు పళ్లేలు ఆమె వైపు పరిగెత్తుకొస్తాయి. అది పోతే ఆమెకు మధ్యాహ్నం ఉండదు.

"నువ్వే కదరా ఆ మిషను కాడ కూకునేది," అంది చివరికి. "ఒక్క కాగితం ఇయ్యలేవా?"

"నేను ఇవ్వనమ్మా. అది ఇస్తుంది."

"మరి నువ్వెందుకు ఆడ?"

నేను కాగితం, కలం తీసుకున్నాను.

నేను పైకి ఉత్తరం రాశాను. ఎగ్జిమా ఉన్నచోట ముద్ర ఉండదనీ, ముద్ర ఉన్నచోట ఎగ్జిమా ఉండదనీ, కాబట్టి డబ్బాలు ఒకరికి, దురద ఒకరికి దక్కుతున్నాయనీ సవినయంగా విన్నవించాను. నాలుగో రోజున జిల్లా చర్మ సంక్షేమాధికారి చిదానందంగారు స్వయంగా వీడియోలోకి వచ్చారు. వెనక గోడ మీద మెరిసిపోతున్న ఒక చేతి బొమ్మ ఉంది.

"మస్తాన్‌రావుగారూ, మీరు సమస్యను చర్మం వైపు నుంచి చూస్తున్నారు. విభాగం దానిని వేలి వైపు నుంచి పరిశీలిస్తుంది."

"చిత్తం సార్. కానీ జబ్బు చర్మానికి వచ్చింది."

"అది వైద్య దృక్పథం. పరిపాలనా దృక్పథంలో లబ్ధిదారు అనగా వేలు. మిగతా శరీరం దానికి అనుబంధం. వేలు గుర్తించబడనిచో, ఆ వ్యక్తి పథకం పట్ల తగిన సంసిద్ధత కనబరచలేదని భావించాలి."

"వాళ్లు పదివేళ్లూ పెట్టారు సార్."

"శుభ్రపరచి పెట్టారా?"

నేను తడబడ్డాను. ఆ తడబాటు మినిట్స్‌లోకి ఎక్కింది. మరుసటి ఉదయానికి సర్క్యులర్ వచ్చింది. 'ముద్ర విఫలతకు మూలకారణం వేలి అపరిశుభ్రత అని క్షేత్రస్థాయిలో నిర్ధారణ అయినందున, ఎగ్జిమా లబ్ధిదారులందరి వేళ్లను సబ్బుతో మూడు పర్యాయములు కడిగించి, పీచుతో తోమించి, స్పిరిటుతో తుడిపించి, తదుపరి ముద్ర స్వీకరించవలెను.'

సేవా కేంద్రం ముందు రెండు బకెట్లు పెట్టించాను. సబ్బూ పీచూ స్పిరిటూ తెప్పించాను. నలభై ముగ్గుర్నీ పిలిచాను. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది, కానీ ఆవేళ సర్క్యులర్‌ను అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తున్నానన్న తృప్తి తప్ప నా మనసులో ఇంకేం లేదు. మొదటి వరసలో ఆరుగురు చేతులు తోముకున్నారు. స్పిరిటు పోయగానే సున్నం బట్టీ సుబ్బులు పెట్టిన కేక బస్టాండు దాకా వినిపించింది. మా అమ్మ కేక పెట్టలేదు. పెదవి కొరుక్కుని చెయ్యి చాపే ఉంచింది, కొడుకు ఉద్యోగానికి మాట రాకూడదని.

"ఎవడ్రా ఈ బకెట్లు పెట్టింది?"

సలోమి సిస్టరమ్మ. ముప్ఫై ఏళ్లు మా ఊరి నర్సుగా చేసి రిటైరైంది. ఊళ్లో సగం మంది ఆమె చేతిలోనే పుట్టారు, నేను కూడా. ఆమె బకెట్టును కాలితో ఒక్క తన్ను తన్నింది. నీళ్లు నా చెప్పుల మీదుగా పారాయి.

"సర్క్యులర్ వచ్చింది సిస్టరమ్మా."

"ఆ సర్క్యులర్ రాసినోడి ఒంటికి పూయి స్పిరిటు. ఒరే మస్తానూ, నువ్వు పుట్టినప్పుడు తలకాయే ముందొచ్చింది. నేను చూశా. అది ఎక్కడ పారేసుకున్నావురా?"

ఆమె మా అమ్మ చేతులు పట్టుకుని ఎండకు పెట్టి చూసింది. "అంకమ్మా, ఇది సబ్బు తిన్న చెయ్యి. ఇంకా సబ్బెయ్యడమేందే. ఇది ఒకళ్ల నుంచి ఒకళ్లకి అంటుకునేదీ కాదు. అన్నానికీ దీనికీ ఏం లేదు. కానీ రసి కారతంది, పెద్దాసుపత్రికి పోయి చర్మం డాక్టరుకి చూపించు. ఆయన రాసిన ట్యూబు ఆయన చెప్పినన్ని రోజులే, ఒక్కరోజు కూడా ఎక్కువ పూయమాక. మిగతాదంతా ఇంటికాడ నువ్వు చేసుకునేదే."

అని ఏం చేయాలో చెప్పింది. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ, తడిమీద జెల్లీ. రాత్రి పడుకునేటప్పుడు ఇంకాస్త దట్టంగా పూసి పాత నూలు సాక్సులు చేతులకు తొడుక్కోవడం. దురదపెడితే గోకకుండా తడిగుడ్డ వేసుకోవడం. పసుపులూ నిమ్మకాయలూ పక్కింటి వాళ్లు చెప్పిన ఆకుపసర్లూ పెట్టకపోవడం. చింతపండు, వెల్లుల్లి, గిన్నెల సబ్బు గ్లౌజులు లేకుండా ముట్టుకోకపోవడం. అందులో ముఖ్యమైనదంతా పన్నెండో పేజీ అడుగున ఉన్నదే. ఆ పేజీ చదివింది నేనొక్కణ్ణే. బకెట్లు పెట్టిందీ నేనే.

"జెల్లీ ఎక్కడిది?" అంది అమ్మ.

సిస్టరమ్మ తిన్నగా పెదకోటయ్య ఇంటికి నడిచింది. ఆయన డబ్బా పట్టుకుని గేటు బందులకు పూస్తున్నాడు.

"ఇటియ్యి."

"గవర్నమెంటు నాకిచ్చింది సిస్టరమ్మా. ఎగ్జిమా అంట నాకు."

"గేటుకా నీకా?"

ఆయన మూత పెట్టి మరీ ఇచ్చేశాడు.

స్పిరిటు పని చేయలేదన్న సంగతి నేను పైకి నివేదించాను. 'కేకలు వినిపించినవి' అని కూడా రాశాను. ఈసారి చిదానందంగారు ఇంకా లోతుగా ఆలోచించారు. మూడో సర్క్యులర్ ఇలా ఉంది. 'ముద్ర విఫలమైన ఏ వ్యక్తి అయినను, తన తరఫున ముద్ర సఫలమైన మరొక వేలిని నామినేట్ చేసుకొనవచ్చును. అట్టి నామినీ వేలు ఒక సంవత్సర కాలము సదరు వ్యక్తిగా పరిగణింపబడును.'

నాకు సంతోషమేసింది. నలభై ముగ్గురూ తలా ఒక మంచి వేలిని వెంటబెట్టుకొచ్చారు. అల్లుళ్లు, మనవరాళ్లు, గుమాస్తాలు. మా అమ్మ తరఫున హెడ్మాస్టరుగారే వేలు పెట్టారు. అన్నీ కలిశాయి. డబ్బాలు అందరికీ అందాయి. యంత్రం వెంటవెంటనే నలభై మూడు స్వస్థత పత్రాలు కూడా ఇచ్చేసింది, ఆ వేళ్లకు ఎగ్జిమా ఏమాత్రం లేదు కాబట్టి. కానీ స్వస్థత మాత్రం వేలికే చెందుతుందని సర్క్యులర్ అడుగున ఉంది, కాబట్టి పత్రాలన్నీ వేళ్ల యజమానుల పేరుతోనే వచ్చాయి. పరాంకుశం మాస్టారు ఎగ్జిమా నుంచి పూర్తిగా కోలుకున్నారని ఒక పత్రం వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది నా పేరున ఉందయ్యా. బళ్లో వంట నేను చెయ్యలేను. నాకు నీళ్లు కాచడం కూడా రాదు."

అంటే మా అమ్మకు ఆమె వేలు తప్ప దారి లేదు. ముప్ఫయ్యో తారీకుకి ఐదు వారాలుంది. ఆలోగా ఆ చేతుల మీద ముద్ర మళ్లీ మొలవాలి.

మొదటి రెండు రోజులూ అమ్మ మాట వినలేదు. గ్లౌజులు తొడుక్కుంటే చింతపండు చిక్కదనం తెలియడం లేదంది. తీసేసి పిసికింది. ఆ రాత్రి మళ్లీ గోడకేసి రుద్దుకుంది. మూడోరోజు నేను సేవా కేంద్రానికి పోయే ముందు బడి వంటశాలకు వెళ్లి, చొక్కా చేతులు మడిచి, చింతపండు గిన్నె లాక్కున్నాను.

"లెయ్యిరా. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? నిన్ను చదివించింది ఇందుకా?"

"వచ్చే నెలాఖరు దాకానేనమ్మా."

"బి.కాం చదివి గుండిగలు తోమాడంటారు."

అన్నారు కూడా. మధ్యాహ్నం భోజనం వేళలో నేను గుండిగలు తోముతుంటే పెదకోటయ్య గోడ మీదుగా తొంగిచూసి, "ఏమబ్బాయ్, ప్రమోషనొచ్చిందా?" అని అడిగాడు. పిల్లలు నన్ను 'గుండిగల సార్' అనడం మొదలుపెట్టారు. పొద్దున చింతపండు, వెల్లుల్లి, మధ్యాహ్నం గుండిగలు, సాయంత్రం మా ఇంటి గిన్నెలు. గిన్నెల సబ్బు, ఇనప పీచు, ఉత్త చేతులు. అమ్మ గరిటె మాత్రం వదల్లేదు. గట్టు మీద కూర్చుని "ఇంకాస్త పిసుకు, పిప్పిలోనే ఉంది పులుపంతా" అని నాకు చెబుతూ ఉండేది.

ఒకరోజు సిస్టరమ్మ చూసి, "నువ్వు కూడా గ్లౌజులు తొడుక్కోరా" అంది. పన్నెండో పేజీలో 'ఎగ్జిమా కలవారు గ్లౌజులు తొడుక్కోవాలి' అని ఉంది. నాకు ఎగ్జిమా లేదు. లేనివాణ్ణి తొడుక్కుంటే నిబంధనను నా అవసరానికి వాడుకున్నట్టవుతుందని ఆమెకు వివరంగా చెప్పాను. ఆమె నా తలకాయ వైపు చాలాసేపు చూసి వెళ్లిపోయింది.

పెద్దాసుపత్రిలో చూపించాం. డాక్టరు ట్యూబు పది రోజులకు ఆపమన్నాడు, ఆపేశాం. మూడోవారానికి రసి ఎండిపోయింది. నాలుగోవారానికి పొట్టు లేవడం ఆగింది. ఒకరోజు పొద్దున్నే అమ్మ చేతిని కిటికీ వెలుతురులో పెట్టుకుని, "ఒరే, గీతలొచ్చినయ్ రా" అంది. చూశాను. బొటనవేలి కొన మీద సన్నగా, చుట్లు చుట్లుగా ముద్ర. పద్నాలుగేళ్ల కిందట చింతపండులో పోగొట్టుకున్నది తిరిగొచ్చింది.

ఆ వారం నుంచే పొద్దున నేను యంత్రం తెరవడానికి వేలు పెడితే ఒక్కసారికి తెరుచుకోవడం లేదు. సహాయకుడి వేలు పడితేనే ఆ రోజు హాజరూ, ఆ రోజు పనీ. మొదట రెండోసారికి పడేది. తర్వాత నాలుగోసారికి. వేళ్ల సందుల్లో ఎర్రబడి దురదగా ఉండేది. పని ఒత్తిడి అనుకున్నాను.

ముప్ఫయ్యో తారీకు రానే వచ్చింది. దాంతోపాటు చిదానందంగారు కూడా. నలభై మూడుకి నలభై మూడు స్వస్థత పత్రాలు వచ్చిన ఊరు జిల్లాలో మాదొక్కటే. సేవా కేంద్రం ముందు షామియానా వేశారు. 'ఎగ్జిమా రహిత గ్రామం - మునగలదిన్నె' అని బ్యానరు కట్టారు. కట్టింది సున్నం బట్టీ సుబ్బులు. కట్టినంతసేపూ గోక్కుంటూనే ఉన్నాడు.

చిదానందంగారు మైకు అందుకున్నారు. "వ్యాధిని నిర్మూలించుట వైద్యుల పని. వ్యాధిగ్రస్తులను నిర్మూలించుట, అనగా వ్యాధిగ్రస్తులు అను వర్గమునే లేకుండా చేయుట, పరిపాలన పని. దానిని ఈ గ్రామము సాధించినది." అందరూ చప్పట్లు కొట్టారు. నలభై ముగ్గురు మాత్రం నెమ్మదిగా కొట్టారు, చేతులు మండుతాయి కాబట్టి.

"ఇప్పుడు నామినీ అవసరం లేకుండా స్వంత వేలితో పత్రం స్వీకరించు తొలి లబ్ధిదారు శ్రీమతి అంకమ్మగారు."

అమ్మ వేదిక మీదికి వచ్చింది. పరాంకుశం మాస్టారు ఫైలు తెరిచి పట్టుకుని పక్కన నిలబడ్డారు. సాయంత్రం ఐదింటిలోగా ఆయన పైకి పంపాలి. నేను యంత్రం తెరవడానికి నా వేలు పెట్టాను.

"మీ వేలు గుర్తించబడలేదు. దయచేసి వేలు మార్చండి."

మళ్లీ పెట్టాను. వేలు మార్చాను. చెయ్యి మార్చాను. ఆ గొంతు మర్యాద ఎక్కడా తగ్గలేదు. 

"ఈయన ఎవరు?" అన్నారు చిదానందంగారు.

"మస్తాన్‌రావు సార్. సహాయకుణ్ణి, ఈవిడ కొడుకుని."

"యంత్రం అట్లా అనడం లేదే."

"మీరు వీడియోలో నాతో మాట్లాడారు సార్."

"ముఖంతో మాట్లాడాను. వేలితో కాదు." ఆయన కంఠం తగ్గించారు. "ఇంకొక్క పర్యాయం విఫలమైతే యంత్రం రేపటి వరకు మూతపడుతుంది. ఈ రోజుకు మీరు గైర్హాజరు. గైర్హాజరైన వ్యక్తి పత్రం ఇవ్వజాలడు."

సిస్టరమ్మ ముందుకొచ్చి నా చెయ్యి తిప్పి చూసింది. వేళ్లన్నీ ఉల్లిపాయ పొరల్లా లేచి ఉన్నాయి.

"తల్లి నుంచి సంక్రమించినదా?" అన్నారు అధికారి, ఒక అడుగు వెనక్కి వేసి.

"అంటింది జబ్బు కాదయ్యా, గుండిగలు," అంది సిస్టరమ్మ.

అమ్మ నా చేతులు చూసింది. ఐదు వారాలుగా తన చేతులే చూసుకుంటూ ఉండటంతో నావి చూడలేదు. ఆమె ముఖం వాడిపోయింది. "పోనీలేరా," అంది మెల్లగా. "కాగితం లేకపోతే లేదు. పద ఇంటికి, ముందు నీ చేతులకి జెల్లీ రాద్దాం."

అప్పుడు నేను చేసింది ధైర్యమని ఊళ్లో కొందరు అంటారు. ధైర్యం కాదు. నేను ప్రతి కాగితం రెండుసార్లు చదువుతాను, అంతే.

"సార్, తమరి మూడో సర్క్యులర్‌లో 'ముద్ర విఫలమైన ఏ వ్యక్తి అయినను' అని ఉంది. లబ్ధిదారు అని లేదు. నేను కూడా వ్యక్తినే. నా తరఫున మా అమ్మ వేలిని నామినేట్ చేస్తున్నాను."

చిదానందంగారు సర్క్యులర్ తెప్పించుకుని చదువుకున్నారు. తన వాక్యం తనకు నచ్చిందని ఆయన ముఖం చూస్తే తెలిసింది. "నిబంధన స్పష్టముగా ఉన్నది," అన్నారు.

నామినేషన్ ఫారం నింపాను. అమ్మ కుడి బొటనవేలు పెట్టింది.

"స్వాగతం, మస్తాన్‌రావుగారూ. మీ హాజరు నమోదైనది."

"గారూ అంటందిరా నన్ను," అంది అమ్మ.

యంత్రం తెరుచుకుంది. ఇప్పుడు లబ్ధిదారు వేలు పెట్టాలి. అమ్మ మళ్లీ అదే బొటనవేలు పెట్టింది.

"ఈ వేలు ప్రస్తుతం విధి నిర్వహణలో ఉన్నది. దయచేసి వేలు మార్చండి."

అధికారి నిట్టూర్చారు. "నిజమే. ఇచ్చువారు, పుచ్చుకొనువారు ఒకరే కారాదు. పథకానికి అది ప్రాణం." ఆయన ఫైలు మూయబోయారు. మాస్టారు గడియారం చూసుకున్నారు. నాకు ఏ పేజీ గుర్తురాలేదు.

అమ్మ మాత్రం యంత్రం వైపే చూస్తోంది. "మార్చమంటంది కదా," అంది. "మొదట్నించీ అదే చెబతంది పాపం." కుడిచెయ్యి తీసేసి, ఎడమచెయ్యి బొటనవేలు పెట్టింది.

"అభినందనలు. శ్రీమతి అంకమ్మగారూ, మీరు సంపూర్ణ స్వస్థత పొందినారు. మీ పత్రం స్వీకరించండి."

చిదానందంగారు తెర మీదికి వంగి పరిశీలించారు. ఇచ్చిన వేలు ఒకటి. పుచ్చుకున్న వేలు వేరొకటి. "ఇరువురూ హాజరైనారు. సక్రమము," అన్నారు. మాస్టారు పత్రం అందుకుని ఫైల్లో పెట్టి గబగబా బడి వైపు నడిచారు.

వెళ్లబోయే ముందు అధికారి అమ్మను అడిగారు. "ఏ విధముగా నయమైనది, మీ మాటలలో చెప్పండి."

"ఏముందయ్యా, సబ్బు మానేశా. చింతపండు మానేశా. మావాడు చేశాడు."

ఆయన పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి, "పథకం వల్ల అని రాసుకో," అన్నారు.

నామినేషన్ సంవత్సరం పాటు చెల్లుతుంది. నా చేతులకు డబ్బా మాత్రం రాదు. నా ముద్ర పడదు, నా నామినీ వేలు విధి నిర్వహణలో ఉంది. అమ్మ డబ్బాలోదే పూసుకుంటున్నాను. వంటశాల గోడకు ఇప్పుడు రెండు జతల గ్లౌజులు వేలాడుతున్నాయి.

రోజూ పొద్దున ఎనిమిదింటికి అమ్మ బడికి పోతూ సేవా కేంద్రం దగ్గర ఆగుతుంది. మెత్తటి గుడ్డతో వేలు అద్దుకుని యంత్రం మీద పెడుతుంది. "వచ్చాడమ్మా మావాడు," అని లోపలి ఆవిడకు చెబుతుంది, నన్ను ఒకటో తరగతిలో అప్పగించిన రోజు పంతులుగారికి చెప్పినట్టే. ఆ గొంతు నాకు స్వాగతం పలుకుతుంది. అప్పటినుంచి నేను ఉన్నట్టు.

తర్వాత అమ్మ నా చేతులు పట్టుకుని ముందూ వెనకా తిప్పి చూస్తుంది.

"రాత్రి పూశావా?"

"పూశానమ్మా."

"మధ్యానం గుండిగల కాడికి ఉత్త చేతుల్తో వచ్చావో," అంటుంది మెట్లు దిగుతూ, "రేపు నీకు ఆబ్సెంటు వేస్తా."